మొదట్లో వింటేనే చిరాకు, తర్వాత వదల్లేని పిచ్చి: మీకు అలాంటి సంగీతకారులు ఎవరు?

రేడియోపిచ్చి

ఇక్కడ ఎప్పుడు చూసినా ఎవరికి ఎవరు ఇష్టం అనే గొడవే. దాన్ని తిరగేసి అడుగుతున్నాను. మొదట్లో అస్సలు పడక, తర్వాత వదల్లేకపోయిన గాయకులో వాద్యకారులో మీకెవరైనా ఉన్నారా? పేరు రాసేసి వెళ్లిపోకండి. ఏం పడలేదు, తర్వాత ఏం పట్టుకుంది, అది కావాలి.

నాకు కర్ణాటక సంగీతం పాడిన ఎం.డి. రామనాథన్. మా ఇంట్లో కచేరీ అంటే జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం గారి బిర్కాలే, అంటే మెరుపులా దూసుకుపోయే స్వరాల వరసలే. ఆ వేగానికి అలవాటుపడ్డ చెవికి రామనాథన్ గారి చౌకకాలం, ఆ నింపాది నడక, నరకం. శ్రుతి బాగా కిందికి, గొంతు మంద్రంలో ఎక్కడో. పల్లవి ఎత్తుకుని సగంలో ఆగిపోతారు. మళ్లీ ఎప్పుడు అందుకుంటారో పక్కన మృదంగం వాయించే ఆయనకైనా తెలుసా అనిపించేది.

నన్ను పట్టుకున్నది సహాన రాగం. త్యాగరాజస్వామి 'గిరిపై నెలకొన్న' ఈయన గొంతులో విన్నాక, ఇంకెవరు పాడినా రైలుకి టైమైపోతున్నట్టే ఉంటుంది నాకు. సహానకి అసలు పరుగు పడదు. గాంధారం మీదా నిషాదం మీదా నిలబడాలి, వెనక్కి తిరిగి మళ్లీ రావాలి. ఈయన ఒక స్వరం దగ్గర కూర్చున్నారంటే దాని గమకం, అంటే ఆ స్వరాన్ని ఊపే తీరు, మొత్తం మన చెవిన పడేదాకా కదలరు. అంత నెమ్మదిలో లయ జారకుండా పాడటం ఎంత కష్టమో పాడేవాళ్లని అడగండి.

ఆయనది పాలక్కాడు వైపు మంజప్ర. టైగర్ వరదాచారి గారి శిష్యరికం, కళాక్షేత్రలో చదువు, అక్కడే పాఠాలు చెప్పడం. సొంత కృతుల్లో ముద్ర (పాటలో వచ్చే కర్త సంతకం) కూడా గురువు పేరు మీద 'వరదదాస' అనే పెట్టుకున్నారు. 1984లో పోయారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ల సంగీత కళానిధి బిరుదు మాత్రం ఆయనకి ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో నన్నడగొద్దు, కోపమొస్తుంది.

తెనాలి_రాగం

రామనాథన్ గారు గొప్పవారే, కాదనను. కానీ పదాన్ని ఎక్కడ పడితే అక్కడ విరిచేస్తారు కదండీ. సాహిత్యం అర్థమై వినేవాడికి అది చాలా ఇబ్బంది. తమిళనాట కూర్చుని వినేవాళ్లకి పట్టకపోవచ్చు, మనకి పడుతుంది.

రేడియోపిచ్చి

విరుస్తారు, నిజమే. నేను ఆయన దగ్గర రాగానికి వెళ్తాను, సాహిత్యానికి ఇంకొకరి దగ్గరికి వెళ్తాను. అందరి దగ్గరా అన్నీ అడిగితే ఎవర్నీ వినలేం మాస్టారూ.

చేదుమాత్ర

ఇదంతా అలవాటు మహిమ. ఏ పాటైనా చెవిలో రోజూ పోస్తే కొన్నాళ్లకి బాగానే ఉంటుంది. ఎఫ్.ఎం.వాళ్లు కొత్త సినిమా పాటని రోజంతా వేసేది అందుకే. దీనికి రసానుభూతి అని పెద్ద పేర్లు పెట్టకండి.

పాలకొల్లు_బుల్లోడు

చేదుమాత్ర గారూ, అలవాటే అయితే నాకు మాండొలిన్ శ్రీనివాస్ చిన్నప్పుడే నచ్చేయాలి. మా ఊళ్లో ఏ పెళ్లి వీడియో చూసినా వెనకాల ఆయన క్యాసెట్టే. ఆయన మా పాలకొల్లులో పుట్టాడని పైకి గొప్పలు చెప్పేవాణ్ణి. లోపల మాత్రం, వీణ ఉండగా ఈ సినిమా వాద్యంతో త్యాగరాజ కృతులేంటి అని ఒకటే సణుగుడు. నేను వీణ నేర్చుకున్నాను, అందుకని పొగరు ఇంకాస్త ఎక్కువ.

వీణ మీద తీగని పక్కకి లాగి గమకం పలికిస్తాం. మామూలు మాండొలిన్‌తో అది అయ్యే పని కాదు. తీగలు నాలుగు జతలు, మెడ పొట్టి, మీటిన మరుక్షణం నాదం ఆగిపోతుంది. సినిమా పాటల్లో దాన్ని ఆపకుండా గలగలా మీటుతూ ఉండేది ఆ నాదం నిలవదు కాబట్టే. శ్రీనివాస్ ఏం చేశాడంటే, జతలు తీసేసి ఒంటి తీగలు వేశాడు, అయిదో తీగ చేర్చాడు, ఎలక్ట్రిక్ వాద్యం తీసుకుని నాదం నిలబడేలా చూసుకున్నాడు. ఇక అప్పుడు వేలు జారిస్తే గమకం పలికింది. ఇది తెలిశాక ఆయన వేళ్లు చూస్తూ వినడం మొదలుపెట్టాను, నా సణుగుడు అక్కడితో సరి.

ఇంకో విషయం వింటే ఆశ్చర్యపోతారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. గాత్ర విద్వాంసుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడాయన. పాడి వినిపించేవారు, పిల్లాడు విన్నది విన్నట్టు తీగల మీద వెతుక్కునేవాడు. అంటే ఆ వేళ్లు నేర్చుకున్నదంతా గాత్రమే. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ, అప్పటికి తొమ్మిదేళ్లు. 2014లో పోయాడు, నలభై అయిదేళ్లకే. మా ఊరివాళ్లం ఇంకా కోలుకోలేదు.

మంగళూరు_బజ్జీ

సాక్సఫోన్‌తో కద్రి గోపాల్‌నాథ్ చేసిందీ ఇలాంటిదే. తండ్రి నాదస్వరం వాయించేవారు, ఈయనేమో మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సఫోన్ విని దాని వెంట పడ్డాడు. నాకు మాత్రం ఇంకా పూర్తిగా ఎక్కలేదు. చూద్దాం, తొందరేముంది.

చీరాల_మగ్గం

నాదస్వరం మాట వచ్చింది కాబట్టి చెప్తా. మా ఈడువాళ్లలో చాలామందికి సన్నాయి అంటే పెళ్లిలో తలనొప్పి. తప్పు సన్నాయిది కాదు, ఫంక్షన్ హాలుది. గుడి ప్రాకారంలో, స్వామి ఊరేగింపులో, ఆరుబయట వీధి చివరిదాకా వినపడాలని పుట్టిన వాద్యం అది. దాన్ని నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి, ముందొక మైకు, డోలుకి ఇంకో మైకు పెట్టి, పక్కనే భోజనాల బల్లలు వేస్తే ఎవడు వింటాడు? వాయించేవాళ్లకీ తెలుసు ఎవరూ వినరని. తాళి కట్టేటప్పుడు గట్టిగా వాయిస్తే చాలు అన్నట్టు తయారైంది పరిస్థితి.

షేక్ చినమౌలానా గారి రికార్డు మా బాబాయి ఇస్తే కొంచెం విని పక్కన పడేశా. తర్వాత ఒక గుడి ఉత్సవంలో మైకు లేకుండా ఒక విద్వాంసుడు తోడి రాగం ఆలాపన చేస్తుంటే, కాస్త దూరంగా అరుగు మీద కూర్చుని విన్నాను. ఆ దూరం ముఖ్యం. దగ్గర్లో చెవి కోసేసే పదును అంత దూరం వచ్చేసరికి గొంతులా మారిపోతుంది. ఇంటికొచ్చి మౌలానా గారి రికార్డు మళ్లీ పెట్టాను, ఇక తీయలేదు.

ఆయనది మా వైపే, ఒంగోలు దగ్గర కరవది. చిలకలూరిపేట ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకుని, తర్వాత తంజావూరు బాణీ పట్టుకుని, రంగనాథుడి మీద భక్తితో శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 1998లో సంగీత కళానిధి ఇచ్చారు, మరుసటి ఏడాదే కన్నుమూశారు. మా వైపు నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఈ సంగతి చెప్తే మా ఆఫీసులో కుర్రాళ్లు నమ్మరు.

చార్మినార్_చాయ్

నాది వేరే దారి భాయ్. బేగం అఖ్తర్.

గజల్ అంటే నాకు జగ్జీత్ సింగ్ మెత్తదనం. బేగం అఖ్తర్ గొంతు పైకి వెళ్తూ వెళ్తూ ఒక్కచోట చీలుతుంది. ఆ చీలిక వస్తే చాలు, ఆపేయమనేవాణ్ణి. మా గల్లీలో ఒక పెద్దాయన ఉండేవారు, ఉర్దూ షాయరీ అంటే ప్రాణం. "గొంతు ఎక్కడ చీలిందో కాదు బేటా, ఏ మాట మీద చీలిందో చూడు" అన్నారు. చూశాను. షేర్ (గజల్‌లోని రెండు పాదాల పద్యం) బరువంతా ఏ మాట మీద ఉందో సరిగ్గా అక్కడే! అప్పటి నుంచి ఆ చీలిక కోసమే ఎదురుచూస్తూ వింటున్నా.

1945లో పెళ్లయ్యాక పాట మానేయాల్సి వచ్చింది ఆమెకి. 1949లో లక్నో రేడియోతో మళ్లీ మొదలుపెట్టింది. ఆ బాధంతా గొంతులో వినపడుతుందని అంటుంటారు. నాకు అంత కథ అక్కర్లేదు, పాట చాలు. కానీ ఉర్దూ కొంచెమైనా రాకపోతే ఈమె సగమే దక్కుతుంది, అది మాత్రం నిజం.

గోంగూర_మేడమ్

ఎవరూ ఈ పేరు ఎత్తేలా లేరు, నేనే ఎత్తుతా. ఎల్.ఆర్. ఈశ్వరి.

మా ఇంట్లో రేడియోలో ఆవిడ గొంతు మొదలైతే నాన్నగారు లేచి వాల్యూమ్ తగ్గించేవారు. సుశీలమ్మ పాడితే సంగీతం, ఈవిడ పాడితే అల్లరి. క్లబ్బు పాటల గొంతు, ఆడపిల్లలు వినకూడదు, అంతే. కారణం అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. నేనూ అదే మొహం పెట్టుకుని పెరిగాను.

పెళ్లయ్యాక ఒక ఆర్కెస్ట్రాలో పాడటం మొదలుపెట్టాను (మా ఆయన ప్రోత్సాహం, నాన్నగారికి చాలాకాలం చెప్పలేదు). 'దేవుడు చేసిన మనుషులు'లో ఆవిడ పాట 'మసక మసక చీకటిలో' నా వంతు వచ్చింది. ఇదేముందిలే అనుకుని రిహార్సల్‌కి వెళ్తే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అర్థం కాలేదు. ఆ నవ్వు, ఆ కొంటెతనం, మాటని సాగదీసి టక్కున వదిలేయడం, అన్నీ తాళంలోనే ఉంటాయి. శ్రుతి వెంట్రుకవాసి పక్కకి పోదు. నవ్వుతూ శ్రుతిలో ఉండటం ఒకసారి ప్రయత్నించి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం. ఇంకొంచెం వేషం ఎక్కువైతే వెకిలితనం, తక్కువైతే పాట చప్పబడిపోతుంది. ఆవిడకి ఆ కొలత తెలుసు. నాకు అది ఇప్పటికీ సరిగ్గా రాలేదు.

ఆ పాట కట్టింది రమేష్ నాయుడు గారు. 'మేఘసందేశం' చేసిన రమేష్ నాయుడు గారే. ఆయన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లే ఈవిడని గుమ్మం బయట నిలబెట్టారు. ఇందులో సంగీతం ఎంత, పరువు ఎంత?

అదే గొంతు తమిళనాట 'ఆడి' అనే తమిళ నెలలో అమ్మవారి పాటలై గుడి మైకుల్లో మోగుతుంది. అక్కడ వాల్యూమ్ ఎవరూ తగ్గించరు.

తెనాలి_రాగం

మేడమ్, 'ప్రేమ్‌నగర్'లో ఘంటసాల గారితో కలిసి పాడినది మర్చిపోయారు. ఆ గొంతు పక్కన తేలిపోకుండా నిలబడటం మామూలు విషయమా!

గోంగూర_మేడమ్

మర్చిపోలేదండీ, రాస్తూ పోతే నా పోస్టు ఆగదని వదిలేశా.

హెడ్‌ఫోన్_హరి

రెహమాన్. 1992లో 'రోజా' వచ్చినప్పుడు కాలేజీ మొత్తం ఊగిపోయింది, నేను తప్ప. నేను ఇళయరాజా గారి భక్తుణ్ణి. ఆయన పాటలో ఫ్లూటు ఎక్కడొచ్చింది, వయొలిన్లు ఎక్కడ లేచాయి, వేలు పెట్టి చూపించొచ్చు. ఇదేమో కంప్యూటర్ మోత, గాయకుడి గొంతు ఎక్కడో లోపల. పైగా డబ్బింగ్ పాట. రాజశ్రీ గారు తమిళ పెదాలకి తెలుగు అతికించడంలో మొనగాడే, అయినా నాకు అప్పుడు అన్నీ వంకలే.

నన్ను మార్చింది హెడ్‌ఫోన్. మా ఇంటి టేప్ రికార్డర్‌కి ఒక్కటే స్పీకరు, అది కూడా బొంగురు. ఉద్యోగం వచ్చాక వాక్‌మన్ కొన్నాను. అదే క్యాసెట్ అందులో పెడితే అడుగున బేస్ తన దారిన తను ఇంకో పాట పాడుతోంది. కుడి చెవిలో చిన్న తాళం, ఎడమ పక్క ఎక్కడో కోరస్, గాయని వెనకాల అదే గాయని ఇంకో గొంతు. మా ఇంటి స్పీకరు ఇవన్నీ తొక్కేసి నాకు పైమాట ఒక్కటే వినిపించింది. రాజా గారు స్వరం కాగితం మీద రాసి బృందం మొత్తాన్ని కూర్చోబెట్టి వాయించేవారు. ఈయన ఒక్కో ట్రాకు విడిగా రికార్డు చేసి పొరలు పొరలుగా పేర్చాడు. ఆ రెండిటినీ ఒకే తీరుగా వినాలనుకుంటే కుదరదు.

కాజీపేట_జంక్షన్

అన్నా, అన్నీ బాగున్నాయి గానీ రాజా గారి బేస్ ముందు ఎవరి బేస్ అయినా తక్కువే.

హెడ్‌ఫోన్_హరి

నేను ఎక్కువ అన్నానా? ఇప్పుడు మొదలుపెడదామా?

నిర్వాహకుడు

వద్దు. రాజా-రెహమాన్ గొడవకి ఇప్పటికే విడిగా చర్చ ఉంది, అక్కడ మీరిద్దరూ ఉన్నారు కూడా. ఇక్కడ అసలు విషయం నడవనివ్వండి.

కాజీపేట_జంక్షన్

సరే, నా పేరు నేను చెప్తా. గద్దర్. చిన్నప్పుడు మా ఊళ్లో మీటింగ్ అంటే మైకులో అరుపు, ఆ గజ్జెల మోత. నేను కిశోర్ కుమార్ పాటలు వినే రకం, ఇది పాటేనా అనుకునేది. టీవీలో 'మా భూమి' వచ్చింది ఒకసారి. బండెనక బండి కట్టి పాటలో గొంగడి కప్పుకున్న ఆ మనిషిని చూశా. పాట రాసింది బండి యాదగిరి, సాయుధ పోరాటం నాటి మనిషి. అది స్టూడియోలో అద్దాల గదిలో పాడేది కాదు. ఊరి మధ్య, డప్పు పక్కన, వెయ్యి మందికి మైకు లేకున్నా వినపడాలి. ఆ గొంతులోని బొంగురు అక్కడి నుంచి వచ్చింది. మధ్యలో పాట ఆపి మాట్లాడతాడు, మళ్లీ పాటలోకి ఎప్పుడు వచ్చాడో తెలియదు. అది చాలామంది ట్రై చేశారు, ఆయనంత ఎవరికీ రాలేదు. 2023 ఆగస్టులో పోయినప్పుడు మా బస్తీలో ఆయన పాటలు పెట్టని ఇల్లు లేదు.

గుంటూరు_మాస్టారు

మంగళంపల్లి బాలమురళీకృష్ణ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేమిటా అని చూస్తున్నాను. ఎత్తరు, ఎందుకంటే ఆయన అందరికీ మొదటి నుంచీ నచ్చారని చెప్పుకుంటాం. మా రోజుల్లో అలా లేదు. గంభీరంగా పాడాల్సింది సొగసుగా పాడతాడు, లలిత సంగీతం పోకడలు పోతాడు అనేవాళ్లు మా గురువుగారి బృందమంతా. నేనూ అదే పాట. నాలుగే స్వరాలతో 'మహతి' అని ఒక రాగం. స, గ, ప, ని. రాగానికి అయిదైనా ఉండాలి కదా అని వాదన. 1980ల్లో వీణ బాలచందర్ గారు ఈ కొత్త రాగాల మీద పెద్ద యుద్ధమే చేశారు. నేను మనసులో బాలచందర్ గారి పక్షం.

ఆయన్ని నా చేత వినిపించినవి కృతులు కావు, తత్వాలు. పొద్దున్నే రేడియోలో భక్తిరంజనిలో 'ఏమి సేతురా లింగా' వస్తుండేది. అందులో సంగతులు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడటం) లేవు, విద్వత్తు చూపించడం లేదు. మాట ఎంత బరువుందో గొంతు అంతే బరువు పెడుతుంది. ఇంత అదుపున్న మనిషి కచేరీలో సొగసు పోతున్నాడంటే అది తెలియక కాదు, కావాలనే అని అప్పుడు తట్టింది. ఆ చెవితో వెనక్కి వెళ్లి కృతులు మళ్లీ విన్నాను. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, వారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, వారి గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యర్ గారు, ఆయన సాక్షాత్తూ త్యాగరాజస్వామి శిష్యుడు. సంప్రదాయం తెలియదని ఎవరిని అంటున్నామో చూసుకోవాలి కదా.

మహతి విషయంలో మాత్రం నేను ఇప్పటికీ బాలచందర్ గారి పక్షమే. వినడానికి బాగుంటుంది, అది వేరే సంగతి.

చేదుమాత్ర

మాస్టారూ, మీ పోస్టు చదివాక అలవాటు అన్న నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. పూర్తిగా కాదు.

బే_ఏరియా_బావ

అందరూ పెద్దవాళ్ల గురించే రాస్తున్నారు, నేను తిట్లు తినడానికి సిద్ధపడి రాస్తున్నా. సిద్ శ్రీరామ్.

2018లో 'గీత గోవిందం' పాట మోగని తెలుగు ఇల్లు లేదు ఇక్కడ. మా ఆవిడ పెడితే నేను ఆపేవాణ్ణి. ముక్కుతో సాగదీస్తాడు, ఒత్తులు మింగేస్తాడు అని. తర్వాత ఆయన కర్ణాటక కచేరీ వీడియో ఒకటి చూశాను. మా దగ్గరే ఫ్రీమాంట్‌లో పెరిగిన కుర్రాడు, ఇంట్లో కర్ణాటక సంగీతం, బయట అమెరికా నల్లజాతివాళ్ల ఆర్ అండ్ బీ, చదివింది బర్క్‌లీ సంగీత కళాశాలలో. సినిమా పాటలో సాగదీత అని నేను విసుక్కున్నది ఈ రెండూ ఒకే గొంతులో కలిసి వచ్చినది. మా పిల్లలూ అలాగే రెండు చోట్లా పెరుగుతున్నారు, బహుశా అందుకే నాకు చెవికి చేరిందేమో.

తెనాలి_రాగం

గొంతు మంచిదే బావగారూ. తెలుగు మాత్రం తెలుగులా లేదు. రామనాథన్ గారిని ఒప్పుకున్న రేడియోపిచ్చి గారు ఇప్పుడు ఏమంటారో?

రేడియోపిచ్చి

నన్ను ఇరికిస్తున్నారు. రామనాథన్ గారు పాడేది రెండు వందల ఏళ్లుగా అందరి నోటా ఉన్న కృతి, మాటలు మనకి ముందే వచ్చు. సినిమా పాట మొదటిసారి విన్నప్పుడు మాట ఆ గొంతులోంచే తెలియాలి. అక్కడ ఉచ్చారణకి మార్కులు ఎక్కువ వేస్తాను నేను.

గోంగూర_మేడమ్

నేను వెయ్యను. ఉచ్చారణ నేర్పించాల్సింది రికార్డింగ్‌లో పక్కనున్నవాళ్లు. జానకమ్మ ఎన్ని భాషల్లో పాడారు, ప్రతి చోటా ఎవరో ఒకరు దగ్గరుండి మాట పలికించేవారు. పూర్వం అందుకు సమయం ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఎక్కడో కూర్చుని పాడి ఫైలు పంపిస్తే సరిదిద్దేది ఎవరు?

బే_ఏరియా_బావ

అక్కా, ఈ మాట మా ఆవిడకి చదివి వినిపించా. "ఇన్నాళ్లకి నా పక్షాన ఒకరు" అంటోంది.

చేదుమాత్ర

ఇప్పుడు తిరగేసి ఇంకో ప్రశ్న. మొదట్లో తెగ నచ్చి, ఇప్పుడు వింటే పారిపోవాలనిపించేవాళ్లు ఎవరు? నా దగ్గర పెద్ద లిస్టే ఉంది.

నిర్వాహకుడు

దానికి వేరే చర్చ తెరవండి. పేర్లు రాసేముందు ఒక్కసారి ఆలోచించుకోండి, వాళ్ల అభిమానులందరూ ఇక్కడే ఉన్నారు.

కాజీపేట_జంక్షన్

తెరవండి తెరవండి, మొదటి పోస్టు నాదే.